శనివారం సాయంత్రం చిటపటలు: రాస్ప్‌బెర్రీ పై మీద ఫ్లూయిడ్‌సింత్ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద ఉన్న డబ్బా వెనక వరుసల వాళ్లకు కనిపించదేమో, పైకెత్తి చూపిస్తాను. మామూలు ప్లాస్టిక్ డబ్బా. గాలి ఆడటానికి చుట్టూ రంధ్రాలు పెట్టాను. లోపల రాస్ప్‌బెర్రీ పై 3 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఉంది, ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు ఉంది. ఇటు పక్క కీబోర్డు తగిలిస్తే, అటు పక్క నుంచి ఆంప్లిఫయర్‌కి సౌండ్ వెళ్తుంది.

ఇది ఎందుకు చేశానో ముందు చెప్పాలి. మా బాబాయి ఊళ్లో రామాలయం భజనకు కీబోర్డు వాయిస్తారు. ఆయన కీబోర్డులో సౌండ్ పుట్టించే బోర్డు పోయింది. మీటలు బాగానే ఉన్నాయి, యూఎస్‌బీ పనిచేస్తోంది, సౌండ్ మాత్రం లేదు. ఆ మోడల్ బోర్డు ఇక దొరకదన్నారు. ఇరవై ఏళ్లుగా ఆయన వేళ్లకు అలవాటైన మీటలవి, వాటిని పారేయడం ఆయనకు ఇష్టం లేదు. నా దగ్గర ఒక పై ఖాళీగా ఉంది. ఏ మీట ఎంత గట్టిగా నొక్కారో కీబోర్డు మిడి సందేశంగా చెబుతుంది కాబట్టి, ఆ సందేశం విని సౌండ్ పుట్టించే పని ఈ చిన్న కంప్యూటర్‌కు అప్పగిస్తే చాలనుకున్నాను.

ఆ సౌండ్ పుట్టించే ప్రోగ్రామ్ పేరు ఫ్లూయిడ్‌సింత్. ఉచితం, దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు. సౌండ్‌ఫాంట్ అనే ఫైలులో పియానో, వయొలిన్, వేణువు లాంటి వాయిద్యాల నిజమైన శబ్దాల ముక్కలు దాచి ఉంటాయి. మీరు మీట నొక్కగానే ఫ్లూయిడ్‌సింత్ తగిన ముక్కను తీసి, శ్రుతికి తగ్గట్టు సాగదీసో కుదించో, మిగతా స్వరాలతో కలిపి పంపిస్తుంది. ఈ పనంతా సెకనుకు 44100 నమూనాల, అంటే శబ్దపు కొలతల, లెక్కన, ఆగకుండా జరగాలి.

పెట్టె తయారు చేయడానికి ఒక ఆదివారం పట్టింది. సరిచేయడానికి రెండు నెలలు పట్టింది. ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది ఆ రెండు నెలల గురించే.

మొదటి సమస్య, సౌండే రాలేదు. అప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి సెట్టింగూ మార్చి చూడటం. మూడు రాత్రులు అలా పోయాయి. మీరు అలా చేయకండి. మీట నుంచి చెవి దాకా దారిలో ఎన్ని మజిలీలున్నాయో కాగితం మీద రాయండి. కీబోర్డు, మిడి కనెక్షన్, ఫ్లూయిడ్‌సింత్, సౌండ్‌ఫాంట్, ఆల్సా (పై మీద నడిచే లైనక్స్ సిస్టమ్‌లో సౌండ్ కార్డును నడిపే భాగం), సౌండ్ కార్డు, కేబుల్, ఆంప్లిఫయర్. తర్వాత చెవి వైపు నుంచి వెనక్కి రండి. పొలానికి నీళ్లు రాకపోతే రైతు బోదె వెంబడి వెనక్కి నడుచుకుంటూ వెళ్తాడు కదా, అలాగన్నమాట. ఎక్కడిదాకా తడి ఉందో చూస్తే గండి ఎక్కడుందో తెలుస్తుంది.

ముందు ఫ్లూయిడ్‌సింత్‌ను పూర్తిగా ఆపేసి, స్పీకర్ టెస్ట్ అనే కమాండ్‌కు హైఫన్ టీ వేవ్, హైఫన్ సీ 2 అని జోడించి ఇవ్వండి. లైనక్స్‌లో ఆల్సా పరికరాలతో పాటే వస్తుంది. ఎడమ, కుడి అని ఇంగ్లిష్‌లో గొంతు వినిపిస్తే కార్డు నుంచి చెవి దాకా దారి బాగున్నట్టే. నాకు వినిపించలేదు. ఏప్లే అని టైప్ చేసి, స్పేస్, హైఫన్, చిన్న ఎల్ కొడితే కార్డుల జాబితా వస్తుంది. అందులో మూడున్నాయి. ఒకటి హెచ్‌డీఎమ్‌ఐ, ఒకటి పై బోర్డు మీదున్న హెడ్‌ఫోన్ జాక్, మూడోది నా యూఎస్‌బీ కార్డు. సౌండ్ హెచ్‌డీఎమ్‌ఐ గుండా మానిటర్‌కు పోతోంది. ఆ మానిటర్‌కు స్పీకర్లే లేవు.

ఇక్కడొక జాగ్రత్త చెబుతాను. కార్డులకు 0, 1, 2 అని అంకెలుంటాయి. ఆ అంకెలు స్థిరం కాదు. ఏ పరికరం ముందు మేల్కొంటే దానికి ముందు అంకె రావచ్చు. ఇంట్లో 2 అని రాసిపెట్టుకున్న కార్డు గుడిలో ఆన్ చేశాక 1 కావచ్చు. అందుకే సెట్టింగులో అంకె బదులు ఆ జాబితాలో కనిపించే కార్డు పేరు రాయండి. వాల్యూమ్‌లు చూపించే ఆల్సామిక్సర్ కూడా ఒకసారి తెరిచి, ఆ కార్డు మ్యూట్‌లో లేదని చూసుకోండి.

సరే, కార్డు పలికింది. ఇప్పుడు ఒక మజిలీ వెనక్కి. ఫ్లూయిడ్‌సింత్ మొదలుపెడితే దానికి సొంత కమాండ్ లైన్ వస్తుంది. అందులో నోట్‌ఆన్ 0 60 100 అని కొట్టండి. 0 అంటే మొదటి ఛానెల్, 60 అంటే కీబోర్డు మధ్యలో ఉండే సీ స్వరం, 100 అంటే నొక్కిన జోరు. కీబోర్డు తగిలించకుండానే పియానో మోగాలి. మోగకపోతే ఫాంట్స్ అని కొట్టి చూడండి. జాబితా ఖాళీగా ఉంటే సౌండ్‌ఫాంట్ ఎక్కలేదని అర్థం. ఫైలు పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ప్రోగ్రామ్ తెర మీద ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది, ఆగిపోదు. తెర లేని పెట్టెలో ఆ హెచ్చరిక చూసేదెవరు?

అదీ మోగితే మిగిలింది కీబోర్డు వైపు. ఏసీక్‌డంప్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. మీట నొక్కగానే ఏ స్వరం, ఎంత జోరు అని వరుసగా రాసి చూపిస్తుంది. అక్కడ అంకెలు పరిగెడుతుంటే కీబోర్డు మాట్లాడుతున్నట్టే, వినేవాడికి కలపలేదంతే. ఏకనెక్ట్‌తో కీబోర్డును ఫ్లూయిడ్‌సింత్‌కు కలపాలి. పెట్టె ఆన్ చేసిన ప్రతిసారీ చేత్తో కలపక్కర్లేకుండా ఫ్లూయిడ్‌సింత్‌లోనే మిడి ఆటోకనెక్ట్ అనే సెట్టింగ్ ఉంది, దాన్ని 1 చేయండి. ఈ మూడు పరీక్షలకు కలిపి ఐదు నిమిషాలు చాలు. మూడు రాత్రులు పోగొట్టుకున్న మనిషిగా చెబుతున్నాను.

ఇంకొకటి, చిన్నదే గానీ చాలామందిని ఏడిపించేది. లైనక్స్‌లో డెబియన్ కుటుంబానికి చెందిన కొన్ని సిస్టమ్‌లలో ఫ్లూయిడ్‌సింత్ ప్యాకేజీ వేసుకోగానే అది సర్వీసుగా తనంతట తానే మొదలైపోతుంది. తర్వాత మీరు మీది నడిపితే కార్డు ఖాళీ లేదంటుంది, లేదా రెండూ మోగి ఒకే స్వరం జంటగా వినిపిస్తుంది. ఏవేం నడుస్తున్నాయో చూసి, అక్కర్లేని దాన్ని యూజర్ సర్వీసుల్లోంచి తీసేయండి.

ఇక రెండో సమస్య. బాబాయి వచ్చి కూర్చుని, రెండు నిమిషాలు వాయించి, చేతులు తీసేశారు. "ఒరేయ్, నేను నొక్కాక అది కాసేపు ఆలోచించుకుని మోగుతోందిరా" అన్నారు. నాకు పెద్ద తేడా తెలియలేదు. నేను వాయించేవాణ్ణి కాదు కాబట్టి తెలియలేదు. వాయించేవాళ్ల మాట నమ్మండి. తర్వాత లెక్క వేస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

ఇది అర్థం కావాలంటే బఫర్ గురించి, అంటే మోగేముందు సౌండ్ కాసేపు నిలవ ఉండే చోటు గురించి చెప్పాలి. పెళ్లిలో బంతి భోజనాలు గుర్తు చేసుకోండి. వడ్డించేవాడు వంటశాల నుంచి బకెట్‌లో సాంబారు తెస్తాడు. విస్తరి ఖాళీ కాకూడదు, అదీ షరతు. పెద్ద బకెట్ తెచ్చుకుంటే నిదానంగా తిరగొచ్చు, వంటశాలలో కాస్త ఆలస్యమైనా విస్తరి ఖాళీ కాదు. కానీ వంటవాడు ఇప్పుడే ఉప్పు సరిచేసిన సాంబారు మీ దాకా రావాలంటే ముందు బకెట్‌లో ఉన్న పాతది అయిపోవాలి. చిన్న గిన్నెతో తెస్తే తాజాది వెంటనే వస్తుంది. కానీ అతను పరిగెడుతూనే ఉండాలి, ఒక్కసారి ఎవరికైనా అడ్డం తగిలి ఆగినా విస్తరి ఖాళీ. విస్తరి ఖాళీ అయిన ఆ క్షణమే మనకు 'టక్' అని వినిపించేది.

ఫ్లూయిడ్‌సింత్‌లో గిన్నె పరిమాణాన్ని పీరియడ్ సైజ్ అంటారు, ఎన్ని గిన్నెలు వరుసలో ఉండాలో చెప్పేది పీరియడ్స్. లైనక్స్‌లో మామూలుగా వచ్చే విలువలు 64, 16. గుణిస్తే 1024 నమూనాలు, 44100తో భాగిస్తే 23 మిల్లీసెకన్లు. నేనేం చేశానంటే, చిటపటలు రాకూడదని ముందుజాగ్రత్తగా 1024, 4 పెట్టాను. 4096 నమూనాలు. అంటే 93 మిల్లీసెకన్లు. దాని మీద పల్స్ ఆడియో అనే మధ్యవర్తి ప్రోగ్రామ్ గుండా పంపుతున్నాను, అది తన వంతు ఆలస్యం తను కలుపుతోంది. తబలాతో కలిసి వాయించే మనిషికి ఇది భరించరానిది.

ఎంతలో ఉంటే బాగుంటుంది? గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. స్పీకర్‌కు 3 మీటర్ల దూరంలో కూర్చుంటే 9 మిల్లీసెకన్ల ఆలస్యం ఎలాగూ ఉంది, దాన్నెవరూ తప్పు పట్టరు. మన పెట్టె ఆలస్యం దానికి దగ్గరలో ఉంటే చాలని నేను నిర్ణయించుకున్నాను. పల్స్ ఆడియోను తప్పించి నేరుగా ఆల్సా కార్డుకు పంపాను. మొదట అత్యాశతో 64, 3 పెట్టాను. 4 మిల్లీసెకన్లే, కానీ చిటపటలు. చివరికి 128, 4 దగ్గర ఆగాను. 512 నమూనాలు, 11.6 మిల్లీసెకన్లు. బాబాయి మళ్లీ కూర్చుని ఒక కీర్తన మొత్తం వాయించారు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే బాగుందని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పగిలే సౌండ్. 'సౌండ్ పగులుతోంది' అనేది ఒక్క జబ్బు కాదు, జ్వరం లాంటిది. కారణాలు వేరు, మందులు వేరు. చెవితోనే చాలావరకు విడదీయొచ్చు.

ఏమీ వాయించకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని వినండి. అప్పుడు కూడా గరగర, సన్నని సొద ఉంటే అది ప్రోగ్రామ్ తప్పు కాదు. పై 3 మీద హెడ్‌ఫోన్ జాక్ వెనక అసలైన డీఏసీ చిప్, అంటే అంకెలను సౌండ్‌గా మార్చే చిప్, లేదు. పల్సుల వెడల్పు మార్చే పద్ధతితో సౌండ్ తయారవుతుంది, సొద అక్కణ్ణుంచే. అందుకే యూఎస్‌బీ కార్డో, పై బోర్డు మీదున్న జీపీఐఓ పిన్నుల మీద కూర్చునే డీఏసీ బోర్డో పెట్టుకోవాలి. పై 5లో, పై జీరోలో అసలు ఆ జాక్ లేదు కాబట్టి వాటికి ఎలాగూ తప్పదు. సొద కాకుండా 'హుమ్' అని కరెంటు మోత వస్తుంటే, పై చార్జర్, ఆంప్లిఫయర్ వేర్వేరు ప్లగ్గుల్లో ఉన్నాయేమో చూసి ఒకే బోర్డుకు మార్చి వినండి.

ఒక్క మీట నొక్కితే బాగుండి, రెండు చేతులతో గట్టిగా నొక్కితే మాత్రమే పగులుతుంటే గెయిన్, అంటే సౌండ్‌ను ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్, ఎక్కువైంది. ఫ్లూయిడ్‌సింత్‌లో మామూలు గెయిన్ 0.2. సౌండ్ చిన్నగా ఉందని 1 చేస్తాం, నాలుగు స్వరాలు కలవగానే హద్దు దాటి ధ్వని తరంగం తల తెగిపోతుంది. గెయిన్ సగానికి తగ్గించండి, సౌండ్ కావాలంటే ఆంప్లిఫయర్‌లో పెంచుకోండి.

మెల్లగా వాయించినా, గట్టిగా వాయించినా, మధ్యమధ్యలో టక్ టక్ మని తెగుతుంటే అది విస్తరి ఖాళీ అవుతున్న శబ్దం. ప్రాసెసర్ సమయానికి అందించలేకపోతోంది. దీనికి చేయగలిగినవి చాలా ఉన్నాయి. రివర్బ్ (ప్రతిధ్వని), కోరస్ (స్వరాన్ని చిక్కగా చేసేది) ఆపేస్తే భారం బాగా తగ్గుతుంది, గుడి హాల్లో ప్రతిధ్వని ఎలాగూ ఉంటుంది. పాలీఫనీ మామూలుగా 256 ఉంటుంది. అంటే ఒకేసారి 256 శబ్దాలు మోగనిస్తుంది. పది వేళ్లకు అన్నెందుకు అంటారా, పెడల్ తొక్కి వాయిస్తే పాత స్వరాలన్నీ మోగుతూనే ఉంటాయి, పైగా స్టీరియో వాయిద్యాల్లో ఒక్క స్వరానికి రెండు శబ్దాలు. నేను 64కి తగ్గించాను, తేడా ఎవరికీ తెలియలేదు. ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సీపీయూ గవర్నర్‌ను పర్ఫార్మెన్స్‌లో పెడితే వేగం కిందికీ పైకీ ఊగకుండా నిలకడగా ఉంటుంది. సౌండ్ పుట్టించే థ్రెడ్‌కు అధిక ప్రాధాన్యం ఇవ్వలేకపోయానని ఫ్లూయిడ్‌సింత్ హెచ్చరిస్తే దాన్ని వదిలేయకండి. ఆడియో గ్రూపుకు రియల్‌టైమ్ అనుమతి, అంటే మిగతా పనులకంటే ముందు నడిచే అనుమతి, లిమిట్స్ ఫైలులో ఇవ్వాలని అన్నిచోట్లా రాసి ఉంటుంది. కానీ మీరు ఫ్లూయిడ్‌సింత్‌ను సిస్టమ్‌డీ (పెట్టె ఆన్ కాగానే ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టేది) సర్వీసుగా నడుపుతుంటే ఆ ఫైలు దానికి వర్తించదు, సర్వీసు ఫైలులోనే లిమిట్ ఆర్‌టీప్రయో అని విడిగా రాయాలి. ఇది తెలియక నేను ఒక వారం తిరిగాను.

ఇవన్నీ చేశాను. రెండు వారాలు ఇంట్లో గంటల తరబడి పరీక్షించాను, ఒక్క చిటపట లేదు. శనివారం సాయంత్రం గుడికి తీసుకెళ్లాం. భజన మొదలైంది. నలభై నిమిషాలు అద్భుతంగా నడిచింది. తర్వాత టక్, టక్. ఆగి ఆగి, ఆపైన వరుసగా. బాబాయి పెడల్ మీది నుంచి కాలు తీసేసి, ఒక చేత్తో నెట్టుకొచ్చారు. ఆయన ముఖం చూడలేకపోయాను.

ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ బాగుంది. తర్వాతి శనివారం మళ్లీ అదే, ఇంచుమించు అదే సమయానికి.

నలభై నిమిషాల తర్వాత అంటే అందరికీ తోచేది ఒకటే, వేడెక్కింది. నాకూ అదే తోచింది. డబ్బాకు ఇన్ని రంధ్రాలు అప్పుడు పెట్టినవే. మూడో శనివారం ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, ఈథర్నెట్ కేబుల్‌తో పెట్టెకు కలుపుకుని పక్కన కూర్చున్నాను. చిటపటలు మొదలవగానే ఉష్ణోగ్రత అడిగాను. 64 డిగ్రీలు. పై 3 వేడికి వేగం తగ్గించుకునేది 80 దాటాక. అంటే వేడి కాదు. అప్పుడు పై తన పరిస్థితి చెప్పే కమాండ్, వీసీజెన్‌సీఎమ్‌డీ గెట్ థ్రాటిల్డ్ అని అడిగాను. 0ఎక్స్50005 అని వచ్చింది. చివరి 5 అంటే ఇప్పుడు, ఈ క్షణాన వోల్టేజ్ తక్కువగా ఉంది, వేగం తగ్గించేశాను అని. ముందున్న 5 అంటే ఇంతకుముందు కూడా అలా జరిగింది అని. సిస్టమ్ సందేశాలు చూపించే డీమెసెజ్ చూస్తే లైనక్స్ కెర్నల్ వరుసగా రాసి పెట్టింది, అండర్ వోల్టేజ్ డిటెక్టెడ్ (వోల్టేజ్ తక్కువైంది) అని. మూడు శనివారాలుగా అది చెబుతూనే ఉంది. మానిటర్ ఉండి ఉంటే తెర మూలన మెరుపు గుర్తు కనిపించేది.

మరి ఇంట్లో ఎందుకు రాలేదు? ఇంట్లో పై కోసం కొన్న చార్జర్ వాడుతున్నాను. గుడిలో ప్లగ్ దూరంగా ఉందని ఎవరిదో ఫోన్ చార్జర్‌కు 2 మీటర్ల సన్నని కేబుల్ తగిలించి వాడాం. అలాంటి కేబుల్‌లో రానూపోనూ అర ఓమ్ నిరోధం ఉందనుకోండి. పై ఊరికే కూర్చుంటే 0.3 ఆంపియర్లు లాగుతుంది, 0.15 వోల్టులు మాత్రమే పోతాయి, ఫర్వాలేదు. పని ఎక్కువై 1 ఆంపియర్ లాగితే అర వోల్టు పోతుంది. 5 వోల్టులు కాస్తా 4.5 అయింది. 4.63కు తగ్గగానే పై హెచ్చరిక లేపి, ప్రాసెసర్‌ను 1200 మెగాహెర్ట్జ్ నుంచి 600కు దించేస్తుంది. సగం వేగంతో వడ్డించేవాడు ఏం అందుకోగలడు?

సరే, నలభై నిమిషాలు ఎందుకు? ఇది నాకు బాబాయి చెప్పారు. మా ఊళ్లో భజన మెల్లగా మొదలవుతుంది. ప్రార్థన, నిదానంగా సాగే కీర్తనలు. సుమారు నలభై నిమిషాలకు జోరు కీర్తనలు అందుకుంటారు. అక్కడే ఆయన పెడల్ తొక్కుతారు, రెండు చేతులూ వాడతారు. శబ్దాలు పెరిగాయి, ప్రాసెసర్ పని పెరిగింది, కరెంటు పెరిగింది, కేబుల్‌లో వోల్టేజ్ పడిపోయింది, వేగం సగమైంది. సరిగ్గా ఎక్కువ బలం కావలసిన చోట బలం తగ్గింది. ఇంట్లో నేను పరీక్షించింది ఒంటి వేలితో.

పొట్టి, లావు కేబుల్ ఉన్న 5.1 వోల్టుల, 2.5 ఆంపియర్ల చార్జర్ పెట్టి, గోడ ప్లగ్ నుంచి మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గరికి లాక్కున్నాం. దూరం పోవలసింది 230 వోల్టుల వైపే, 5 వోల్టుల వైపు కాదు. ఆ తర్వాత చిటపటలు లేవు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: సౌండ్‌ఫాంట్ ఎంత పెద్దది వాడారు?)

ఫ్లూయిడ్ ఆర్3 జీఎమ్, 140 మెగాబైట్లు దాటుతుంది. పై 3లో 1 జీబీ ఉంది కాబట్టి సరిపోయింది. ఎక్కడానికి కాస్త సమయం పడుతుంది, ఆన్ చేయగానే మోగలేదని కంగారుపడొద్దు. 512 ఎంబీ ఉన్న పై జీరోలో అయితే 6 మెగాబైట్ల టిమ్ జీఎమ్ లాంటి చిన్నది ముందు ప్రయత్నించండి.

(వెనక నుంచి ఒక అమ్మాయి: సార్, దీని మీద గమకాలు పలుకుతాయా?)

మంచి ప్రశ్నమ్మా. కీబోర్డుకు పిచ్ బెండ్ చక్రం ఉంటే పలికించొచ్చు. మామూలుగా అటు రెండు, ఇటు రెండు స్వరస్థానాల దాకా జారుతుంది, ఫ్లూయిడ్‌సింత్‌లో ఆ పరిధి పెంచుకోవచ్చు కూడా. అయితే బెండ్ ఒక్క స్వరానికి కాకుండా ఆ ఛానెల్ మొత్తానికి పడుతుంది. కింద షడ్జం పట్టుకుని పైన గాంధారాన్ని ఊపితే షడ్జం కూడా ఊగుతుంది. వినడానికి చాలా కష్టంగా ఉంటుంది. అందుకని శ్రుతిని ఒక ఛానెల్‌లో, పాటను ఇంకో ఛానెల్‌లో పెట్టాలి. మిడిలో 16 ఛానెళ్లున్నాయి, పదోది తాళవాయిద్యాలకు, మిగతావి మనవే. బాబాయి ఇప్పుడు రెండు వాడుతున్నారు. ఆయన ఇక్కడే ఉన్నారు, నేను చెప్పేకంటే మీరు వింటేనే బాగుంటుంది. బాబాయ్, ఒకసారి ఇలా రండి. ఎవరైనా ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్ వేయండమ్మా. సౌండ్‌ఫాంట్ ఎక్కేదాకా కాసేపు ఆగుదాం.